కిందికి చూసిన బాణం

"ఈ పనికి నువ్వు వెళ్ళకమ్మా" అని మామగారు గుమ్మానికి అడ్డం నిలబడిన చోట పోయినవారం ఆపుకున్నాం. ఆయన ఇంట్లో ఎవరినీ ఏదీ ఒద్దనే మనిషి కాదు. కూరలో ఉప్పు మరిచిపోయినా నోరెత్తకుండా తిని లేచే రకం. అలాంటాయన కోడలి పనిసంచీ పట్టుకుని, "ఇంకెవరినైనా పంపమని మీ కంపెనీలో చెప్పు తల్లీ" అని బతిమాలాడు. కోడలు వినలేదు. సంచీ లాక్కుని మరీ బయల్దేరింది.

ఆమె బాధ ఆమెది మరి. ఆపదలో ఉన్నవాళ్ళు అంబులెన్సు కోసం ఫోన్ చేసే కేంద్రంలో మామగారు ముప్పై ఒక్క ఏళ్ళుగా టెక్నీషియన్. నెల కిందట ఒక మధ్యాహ్నం ఏసీ ఆగిపోయి, అక్కడి రెండో నంబరు రాక్ వేడెక్కి ఆగిపోయింది. రాక్ అంటే మనిషెత్తు ఇనప బీరువా, అందులో అరలు అరలుగా ఫోన్లు నడిపే యంత్రాలు. ఫోన్లని మిగతా రాక్‌ల మీదికి మార్చడానికి పదకొండు నిమిషాలు పట్టింది, అందాకా ఎవరి ఫోనూ కలవలేదు. ఆ పదకొండు నిమిషాల్లో బట్టలు కుట్టుకునే ఒకావిడ ఇరవై మూడుసార్లు చేసింది. ఇరవై నాలుగోసారి కలిసేసరికి ఆవిడ భర్త ప్రాణం పోయింది. ఎవరూ గట్టిగా అడక్కముందే మామగారు "నా అశ్రద్ధే, నేనే దుమ్ము తుడవలేదు" అని రాసి సంతకం పెట్టేశాడు. గదికి సీలు వేశారు. ఈవేళ మూడు గంటలకి అక్కడే విచారణ, అందులో ఆ కాగితాన్ని ఖాయం చేసేస్తే ఆయన ఉద్యోగమూ పోతుంది, పేరూ పోతుంది.

ఆ రాక్‌కి, లోపలి వేడిని బయటికి తోసే కొత్త ఫ్యాన్ల ట్రే బిగించే పని కోడలు పనిచేసే కంపెనీకే వచ్చింది. సీలు తీసి తాళం ఆమె చేతికిస్తారు. అంతకంటే ఏం కావాలి! పాతది విప్పితే నిజం దొరుకుతుంది. ఎవడో చెయ్యి పెట్టి పాడుచేసి ఉంటాడు. మామయ్య తప్పు మాత్రం అయ్యుండదు. ఈ పని ఆమెకి అక్షరం అక్షరం నేర్పింది ఆయనే, ఆయన చేతి సంగతి ఆమెకి తెలీదా?

కేంద్రం వరండాలో బెంచీ మీద ఆ కుట్టుపని ఆవిడ కూర్చుని ఉంది. రోజూ వచ్చి కూర్చుంటోందట. కోడలి చేతిలో సంచీ, భుజం మీద అట్టపెట్టె చూసి లేచి నిలబడింది.

"ఆ మిషను బాగుచెయ్యడానికి వచ్చింది నువ్వేనా అమ్మా?"

"అవునండీ."

"లోపల ఏమైందో తెలిస్తే నాక్కూడా చెప్తావా? వాళ్ళు కాగితాలు చదివి వినిపిస్తున్నారు. నాకొక్క ముక్క బుర్రకెక్కడం లేదు. పోయిన మనిషి ఎలాగూ రాడనుకో. ఎందుకు కలవలేదో తెలిస్తే చాలు. నంబరు నేనే తప్పు నొక్కానేమోనని రాత్రిళ్ళు నిద్ర పట్టటం లేదు."

కోడలు సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "చెప్తానండీ, తప్పకుండా చెప్తాను" అంది. మాటిచ్చేటప్పుడు ఆ మాట ఎక్కడికి లాక్కెళ్తుందో మనకేం తెలుస్తుంది చెప్పండి.

సూపర్వైజరు సీలు చింపి తాళం తీశాడు. "రెండింటికల్లా అయిపోవాలి. మిగతా అయిదు రాక్‌ల మీదే భారమంతా వేసి నెట్టుకొస్తున్నాం, నా ప్రాణం నా చేతిలో లేదు" అని చెప్పి, పిలుపులు అందుకునే హాల్లోకి పరుగెత్తాడు.

గది చల్లగా ఉంది. సీలు వేసే ముందు సున్నం కొట్టినట్టున్నారు, మూసి ఉన్న గదిలో వాసన ఇంకా పోలేదు. ఆరు రాక్‌లు గోడ వారగా వరసగా నిలబడి ఉన్నాయి. అయిదింట్లో పచ్చదీపాలు మిణుకుమంటున్నాయి. తలుపు పక్కనుంచి రెండోది మాత్రం చీకటిగా ఉంది. కోడలు సంచీ దించి, చేతికి ఎర్త్ తీగ తగిలించుకుని, కరెంటు లేదని మీటరు పెట్టి చూసుకుని, టార్చి పళ్ళమధ్య పట్టుకుంది. ఎప్పుడూ అలా పట్టుకుంటుందని కంపెనీలో అందరూ ఆమెని టార్చిలైటు అంటారు. మేనేజరు కూడా అసలు పేరు మర్చిపోయాడు.

రాక్ తలుపు తెరిచి పైకి చూసింది. అన్నిటికంటే పై అరలో పాత ఫ్యాన్ల ట్రే. ముందు రేకుకి నాలుగు మరలు.

నాలుగు మరల తలల మీది గాడులూ అడ్డంగా ఉన్నాయి.

టార్చి నోట్లోంచి జారి కిందపడింది.

ఈ అడ్డం నిలువుల గొడవేంటో చెప్పాలి. పని నేర్పిన మొదటివారంలోనే మామగారు ఒక పద్ధతి పెట్టాడు. మర బిగించాక తలమీద గాడి ఎటు ఉండాలో అటే ఆగాలి. "నావి నిలబడతాయి, నీవి పడుకుంటాయి. ఇద్దరం కలిసి చేసిన చోట రేపు ఏదైనా తేడా వస్తే ఎవరి చెయ్యో వెతుక్కోనక్కర్లేదు" అన్నాడు. కోడలు నవ్వి, "నావే ఎందుకు పడుకోవాలి మామయ్యా?" అంటే, "పెద్దవాణ్ణి, నన్ను నిలబెట్టి నువ్వు పడుకో, ఏం పోయింది?" అన్నాడు. ఆరేళ్ళైంది. ఇప్పుడు నిద్రలో లేపి మర ఇచ్చినా ఆమె చెయ్యి గాడిని అడ్డంగానే ఆపుతుంది. ఊళ్ళో ఇంకెవరూ ఇంత చాదస్తంగా బిగించరు.

"కాదు. నేను రెండో రాక్ ముట్టుకోలేదు" అని పైకే అంది. నిజమే. ఎనిమిది నెలల కిందట మామగారికి కంటి ఆపరేషన్ అయినప్పుడు, ఒక ఫ్యాన్ల ట్రే మార్చే పని మిగిలిపోతే ఆయన బదులు ఒక్క పూట వచ్చింది. అది అయిదో రాక్. బాగా గుర్తు, కిటికీ పక్కనుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్ళింది.

కిటికీ పక్కనుంచి.

కోడలు వెనక్కి తిరిగి కిటికీ దగ్గర మొదలుపెట్టి వేలితో లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. వేలు వచ్చి చీకటి రాక్ మీదే ఆగింది. ఆమె వచ్చి వెళ్ళాక, రాక్ ఆగకముందు, సున్నం కొట్టినప్పుడు నంబర్లు తలుపు వైపునుంచి మార్చి రాశారు! ఆ రాసిన రంగు ఇంకా మెరుస్తోంది. నెలరోజులుగా రెండో రాక్, రెండో రాక్ అని ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటే ఆమె కూడా వాళ్ళతో కలిసి ఏడ్చింది, ఎవడో వెధవ చేసుంటాడని శాపనార్థాలు కూడా పెట్టింది.

అక్కడే నేలమీద కూర్చుండిపోయింది.

కాసేపటికి టార్చి తీసుకుని లేచి, రాక్ లోపల తలపెట్టి ట్రే అడుగున వెలుగు కొట్టింది. ఫ్యాను ఏ వైపు గాలి తోస్తుందో దాని ఒంటిమీదే చిన్న బాణం గుర్తు ఉంటుంది. నాలుగు ఫ్యాన్ల బాణాలూ కిందికి చూస్తున్నాయి.

ఇప్పుడంతా గుర్తొచ్చింది. ఆ రోజు ఈ రాక్ నెత్తిమీద ఏసీ గొట్టం చూసి తన తెలివికి తనే మురిసిపోయింది. వేడిని పైకి లాగి పారేసే బదులు, పైనుంచి వస్తున్న చల్లగాలిని లోపలికి తోసేస్తే పోలా అనుకుంది. నాలుగు ఫ్యాన్లూ తిప్పి బిగించింది. గంటలో ఎనిమిది డిగ్రీలు తగ్గింది కూడా. ఏసీ నడిచినన్నాళ్ళు అంతా బ్రహ్మాండం. నెల కిందట ఏసీ ఆగిపోయింది. గొట్టంలో చల్లగాలి లేదు. యంత్రాల వేడి తన దారిన తను పైకి పోబోతే ఈ నాలుగు ఫ్యాన్లూ దాన్ని మళ్ళీ కిందికి తొక్కాయి, పొంగుతున్న పాలమీద మూత బోర్లించినట్టు. ఇంకేముంది, యంత్రాలు తమని తాము ఆపేసుకున్నాయి.

వెనక తలుపు చప్పుడైంది. మామగారు. ఉద్యోగంలోంచి పక్కన పెట్టిన మనిషి ఇక్కడికి రాకూడదు. అయినా ముప్పై ఒక్క ఏళ్ళు రోజూ పలకరించిన మనిషిని ఆపడానికి కాపలా అతనికి మనసొప్పి ఉండదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, విచారణ కోసం. ఆమె మొహం చూశాడు, రాక్ కేసి చూశాడు.

"చూసేశావా?" అన్నాడు.

"మీకు ముందే తెలుసా మామయ్యా?"

"ఆగిపోయిన రోజే. తలుపు తీసి కాగితం ముక్క పైన పెట్టి చూశా. పైకి ఎగరాల్సింది కిందికి అతుక్కుపోయింది. తర్వాత మరలు చూశా." ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "అందుకే నువ్వు రావద్దన్నా. ఇంకొకడైతే పాతది విప్పి సంచీలో పడేసి, కొత్తది బిగించి పోయేవాడు. వాడికి అడ్డమేంటి నిలువేంటి!"

"మీరు సంతకం పెట్టారు. దుమ్మని రాశారు. నా తప్పు మీ నెత్తినేసుకున్నారు. మనిషి చచ్చిపోయాడు మామయ్యా! నావల్ల." వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన దగ్గరికి రాలేదు, ఓదార్చలేదు. ఏడుపు తగ్గేదాకా ఆగాడు.

"ఇటు చూడు తల్లీ. నువ్విక్కడికి ఎవరి పేరుమీద వచ్చావు? బయటివాళ్ళు రావాలంటే ఉత్తరాలు పెట్టాలి, అది తేలేసరికి నెల పడుతుంది. నేనే కదా దొడ్డిదారిన పంపింది. రిజిస్టర్లో నా సంతకమే ఉంది. మూడువారాల తర్వాత వచ్చా, ఈ తలుపు తీశా, నీ మరలు చూశా. ఎవడు చేసిన పనైనా విప్పి చూడకుండా వదలని వాణ్ణి. నీ మరలు చూసి మా అమ్మాయి చేసింది కదా అని తలుపేసేశా." ఆయన రాక్ తలుపు మీద చెయ్యేశాడు. "ఆ తలుపెయ్యడం నాది. అబద్ధమేం రాయలేదు. అశ్రద్ధే రాశా."

"దుమ్మని రాశారు."

"ఏదో ఒకటి రాయాలిగా. నాకింక రెండేళ్ళ ఉద్యోగం. నీకు ముందు బోలెడంత బతుకుంది. ఈ మచ్చ పడితే ఇంకెవడైనా నీ చేతికి స్క్రూడ్రైవర్ ఇస్తాడా?"

అంటూనే ఆయన ముందుకొచ్చి ఆమె సంచీలోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. చెయ్యెత్తి, పడుకున్న నాలుగు మరల్నీ ఒక్కొక్కటే పావు చుట్టు తిప్పాడు. నాలుగూ నిలబడ్డాయి.

"ఇప్పుడివి నావి. విప్పేసి సంచీలో వేసుకో. మూడింటికి నేను లోపలికెళ్ళి వస్తా, అంతటితో సరి."

కోడలు ఆ మరలకేసి చూస్తూ ఉండిపోయింది. ఆ పావు చుట్టు ఎంత తేలిక! సిగ్గు విడిచి చెప్పుకోవాలంటే, ఒక్క క్షణం ఆమె ప్రాణం కుదుటపడింది. ఇంటికెళ్ళొచ్చు. రేపు మామూలుగా పనికి పోవచ్చు. ఎవరూ వేలెత్తి చూపరు.

ఆ క్షణం దాటాక ఇంకొకటి గుర్తొచ్చింది.

"మామయ్యా, ఇదొక్కటే కాదు."

"ఏంటి?"

"ఆ ఎనిమిది డిగ్రీల సంగతి కంపెనీలో గొప్పగా చెప్పుకున్నా. ఏసీ గొట్టం నెత్తిమీద ఉంటే ఇలా తిప్పండిరా అని నేనే నేర్పా. వాళ్ళు దానికి టార్చిలైటు పద్ధతి అని పేరు కూడా పెట్టారు. ఎనిమిది నెలల్నించి అందరూ అలాగే బిగిస్తున్నారు."

మామగారి మొహంలో రంగు మారింది. "ఎన్ని చోట్ల?"

"నాకేం తెలుసు! ఎవరు ఎక్కడ తిప్పారో రాసుకుంటారా? ఆస్పత్రులున్నాయి, అగ్నిమాపకం వాళ్ళది ఉంది."

"నువ్వూ నేనూ రేపట్నించి ఒక్కొక్క చోటికీ వెళ్ళి..." అని మొదలుపెట్టి ఆయనే ఆగిపోయాడు. తాళాలెవరిస్తారు వాళ్ళకి? ఏమని అడుగుతారు?

"మీ కాగితం నిలిస్తే అందరూ దుమ్ము తుడుచుకుని చేతులు దులుపుకుంటారు. బాణం ఎవడూ చూడడు. ఇంకోచోట ఏసీ ఆగేదాకా ఎవరికీ తెలీదు. అప్పుడు ఇంకో ఆవిడ ఇరవై మూడుసార్లు ఫోన్ చేస్తుంది." కోడలు కళ్ళు తుడుచుకుంది. "బెంచీ మీద కూర్చున్నావిడ, నంబరు తనే తప్పు నొక్కిందేమోనని నిద్రపోవడంలేదు మామయ్యా."

ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకున్న చేతిని మెల్లిగా దించాడు. తర్వాత స్క్రూడ్రైవర్ పిడి ఆమె వైపు తిప్పి అందించాడు. "ముందు పని పూర్తిచెయ్యి. టైమైపోతోంది" అన్నాడు. ఒప్పుకున్నట్టా, కానట్టా ఆమెకి అర్థం కాలేదు.

ఇద్దరూ పనిలో పడ్డారు. ఆమె పాత ట్రే విప్పి జాగ్రత్తగా కింద పెట్టింది. కొత్తది అట్టపెట్టెలోంచి తీసి, నాలుగు బాణాలూ పైకి ఉన్నాయో లేదో ఒకసారి కాదు, మూడుసార్లు చూసింది. ఆయన బరువు కింద చెయ్యి పెట్టి పట్టుకుంటే పట్టాల్లోకి తోసింది. ఎర్త్ తీగ తగిలించి, వేడి కనిపెట్టే చిన్న తీగని యంత్రాల మధ్యకి దించి కట్టింది. ఖాళీగా ఉన్న అరలకి రేకులు మూసింది, లేకపోతే బయటికి పోయిన వేడి ఆ సందుల్లోంచి మళ్ళీ ముందుకొస్తుంది. కరెంటు ఇచ్చింది. నాలుగు ఫ్యాన్లూ ఒకేసారి గుయ్యిమన్నాయి.

మామగారు జేబులోంచి బస్సు టికెట్టు తీసి చించి, సన్నటి ముక్క ఆమెకిచ్చాడు. ఆమె చెయ్యెత్తి ట్రే పైన పట్టుకుంది. కాగితం పైకి లేచి రెపరెపలాడింది.

ఆ తర్వాత మరలు ఆఖరిసారి గట్టిగా బిగించింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగూ అడ్డంగా ఆగాయి. మామగారు చూశాడు.

సూపర్వైజరు వచ్చి దీపాలు వెలగడం చూసి, "హమ్మయ్య, బతికించావమ్మా!" అన్నాడు. ఆ మాటకి ఆమె మొహం ఎందుకలా పాలిపోయిందో ఆయనకి తెలీదు పాపం.

మూడింటికి అయిదు నిమిషాలుంది. మామగారు విచారణ గది తలుపు దగ్గర నిలబడ్డాడు. కోడలు వరండాలోకి వచ్చింది, చేతుల్లో పాత ట్రే. కుట్టుపని ఆవిడ పక్కకి జరిగి చోటిచ్చింది. ఆమె కూర్చుని ట్రే ఒళ్ళో పెట్టుకుంది.

"ఇదేంటమ్మా?"

"ఫ్యాన్లండీ. లోపల వేడిని బయటికి తోసేవి." కోడలు ట్రే తిప్పి బాణం మీద వేలు పెట్టింది. "ఇది పైకి చూడాలి. దీన్ని తిప్పేసి బిగించారు. వేడి బయటికి పోలేదు, లోపలే తిరిగింది. అందుకే మిషను ఆగిపోయింది. మీరు నంబరు సరిగ్గానే నొక్కారండీ. ఇరవై మూడుసార్లూ సరిగ్గానే నొక్కారు."

ఆవిడ కళ్ళు మూసుకుంది. తర్వాత చెయ్యి చాపి, సూది పోట్లు పడిన వేలితో ఒక ఫ్యాను రెక్కని తోసింది. అది చప్పుడు లేకుండా రెండు చుట్లు తిరిగి ఆగింది.

"ఎవరు తిప్పారమ్మా దీన్ని?"

తలుపు దగ్గర మామగారు తల అడ్డంగా ఊపాడు. ఆయన కళ్ళు నిండిపోయి ఉన్నాయి. ఒద్దు తల్లీ, ఒద్దు అంటున్నట్టు చెయ్యి కూడా ఎత్తాడు. అదే క్షణాన తలుపు తెరుచుకుని బంట్రోతు తొంగిచూశాడు. "టెక్నీషియన్ గారూ, మిమ్మల్ని రమ్మంటున్నారు."

"నేనేనండీ" అంది కోడలు. "దీన్ని తిప్పి బిగించింది నేనే. ఆయన కాదు."

ఆవిడ ఆమె మొహంలోకి చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. లేచి నిలబడింది. కోడలి ఒళ్ళోంచి ఆ ఇనప ట్రేని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అంత బరువుంటుందనుకోలేదేమో, ఒక్క అడుగు తూలి నిలదొక్కుకుంది.

"ఆయన్ని పక్కన ఉండమనండి" అని బంట్రోతుకి చెప్పి, కోడలి వైపు తిరిగింది. "పదమ్మా. ముందు మనిద్దరం వెళ్దాం."

ఆవిడే తలుపు తోసింది.